సదస్సు మరునాటి యాత్ర: రాయచెర్లు దారిలో కొన్ని చారిత్రక విశేషాలు

విశ్వవిద్యాలయ సదస్సుల కార్యక్రమ పత్రం తెరిస్తే చివరి పుటలో రెండు అంశాలు తప్పక కనిపిస్తాయి. ఒకటి, మొదటిరోజు రాత్రి విందు, దానికి ముందో వెనుకో ఒక సాంస్కృతిక ప్రదర్శన. రెండవది, సమావేశాలు ముగిసిన మరునాడు చుట్టుపక్కల చారిత్రక స్థలాలకు బస్సు యాత్ర. పత్రసమర్పణలు సంచికలుగా అచ్చవుతాయి. చర్చల సారాంశం నివేదికలకు ఎక్కుతుంది. విందును, యాత్రను గురించి ఎవరూ రాయరు. అవి సదస్సులో భాగం కావనీ, అలసిన అతిథులకు కాలక్షేపమనీ అందరి అభిప్రాయం.

మా అనుభవం వేరు. పదేళ్ల తరువాత కలిసిన అతిథి తాను చదివిన పత్రం పేరు మరచిపోయి ఉండవచ్చు. బస్సు ఆగిన చోట తాగిన మజ్జిగను, గైడు చెప్పిన కథను మాత్రం మరచిపోడు. తన ఊరికి తిరిగి వెళ్లి ‘తెలుగునాడు ఇలా ఉంటుంది’ అని విద్యార్థులకు చెప్పేటప్పుడు అతనికి ఆధారం ఆ యాత్రే. కాబట్టి బస్సు ఎక్కడ ఆగాలి అన్నది వంటవాడికో, రవాణా గుమాస్తాకో వదిలే ప్రశ్న కాదు. ఏ దారి గీస్తే ఆ చరిత్రే అతిథికి కనబడుతుంది. ఆంధ్ర, తెలంగాణాలకు వెలుపల తెలుగు చదువుతున్న మన విద్యార్థులకు ఈ విషయం మరీ ముఖ్యమని తోచి, ఈ సంచికలో కొంత వివరంగా రాస్తున్నాము.

పండితులు ఒకచోట చేరి తరువాత ఆ ఊరిని చూసే పద్ధతి కొత్తది కాదు. అంతర్జాతీయ ప్రాచ్యవిద్వాంసుల మహాసభ తొలిసారి 1873లో పారిస్‌లో జరిగింది. ఆ పరంపరలో 26వ సభ 1964లో న్యూఢిల్లీకి వచ్చింది. మన దేశంలో అఖిలభారత ప్రాచ్యవిద్యా మహాసభ 1919లో పూనాలో మొదలై 1924లో మద్రాసులోను, 1935లో మైసూరులోను, 1940లో తిరుపతిలోను, 1941లో హైదరాబాదులోను సమావేశమైంది. ప్రపంచ తెలుగు మహాసభల సంగతి అందరికీ విదితమే. 1975లో హైదరాబాదు, 1981లో కౌలాలంపూరు, 1990లో మారిషస్, 2012లో తిరుపతి వాటికి వేదికలయ్యాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం మళ్లీ హైదరాబాదులో తెలుగు మహాసభలు జరిపింది. ఈ ఊళ్ల పట్టికే ఒక పాఠం. మారిషస్‌కు వెళ్లిన తెలుగువాడు పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ మెట్ల దగ్గర నిలబడితే, కూలికి ఓడలెక్కి వెళ్లిన పూర్వికుల చరిత్ర అతనికి ఏ ఉపన్యాసమూ అక్కరలేకుండానే అర్థమవుతుంది.

ఈ విద్యలో ఆరితేరినవారు స్పెయిన్ దేశీయులు. అక్కడి పాత పట్టణాలలో సదస్సులు పెట్టడం, మధ్యాహ్నం వేళ అతిథులను కాలినడకన తిప్పడం ఒక ఆచారంగా స్థిరపడింది. వాటిలో టొలేడోను ఉదాహరణగా తీసుకొందాం. ఈ పట్టణం 1085లో ముస్లిం పాలకుల నుంచి క్రైస్తవ రాజు ఆరవ అల్ఫాన్సో చేతికి వచ్చింది. తరువాతి శతాబ్దంలో అక్కడి పండితులు అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి అనువదించారు. ఇటలీ నుంచి వచ్చిన క్రెమోనా గెరార్డ్ 1175లో టాలెమీ ఖగోళ గ్రంథాన్ని అరబ్బీ నుంచి లాటిన్ చేసింది ఇక్కడే. ఆ ఊరిలో ఒక పూట నడిస్తే చాలు. 999లో కట్టిన చిన్న మసీదు ముఖద్వారం మీద ఇటుకలతో పేర్చిన అరబ్బీ అక్షరాలు కనిపిస్తాయి. 14వ శతాబ్దిలో కట్టిన యూదుల ప్రార్థనామందిరం లోపలి గోడల మీద హీబ్రూ రాతలు, వాటితో పాటు అరబ్బీ రాతలు ఉన్నాయి. కొద్ది దూరంలోనే పెద్ద చర్చి. మూడు మతాలు, మూడు భాషలు ఒక మధ్యాహ్నంలో అతిథి కళ్లముందు నిలుస్తాయి. 1986లో యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అయితే ఒక సంగతి గమనించాలి. 1492లో యూదులను స్పెయిన్ నుంచి వెళ్లగొట్టారు. వారు తమ వెంట తీసుకొనిపోయిన స్పానిష్ మాట ఇస్తాంబుల్, సలోనికా వంటి దూరపు ఊళ్లలో బతికింది. టొలేడోలో మిగిలినది గోడ మీది రాత. అరబ్బీ సంగతీ అంతే. అతిథికి చూపడానికి అక్కడ రాళ్లున్నాయి, ఆ రాళ్ల మీది భాషలు మాట్లాడే ఊరిజనం లేరు. దీనికి సరిగ్గా తలకిందులైన స్థితి మనకు కన్నడదేశపు సరిహద్దులో కనిపిస్తుంది.

తుమకూరు జిల్లా పావగడ తాలూకా పటాన్ని చూడండి. అది కర్ణాటకలో ఉన్నా, మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేల చుట్టుకొని ఉంటుంది. ఆ నేల మొన్నటి వరకు అనంతపురం జిల్లా. 2022 నుంచి అందులో చాలాభాగం శ్రీ సత్యసాయి జిల్లా. ఈ తాలూకాలోని ఊళ్లలో రాయచెర్లు ఒకటి. అక్కడ గోపురం లేదు, కోట లేదు, పర్యాటకశాఖ బోర్డు లేదు. ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం, అంగడి దగ్గర రెండూ.

కొన్నేళ్ల కిందట మేము ఒక సదస్సు ముగిశాక అతిథులను హిందూపురం మీదుగా లేపాక్షికి తీసుకొని వెళ్లాము. పెద్ద నందిని, వేలాడే స్తంభాన్ని, మండపం పైకప్పు చిత్రాలను చూసి అందరూ సంతోషించారు. తిరుగు ప్రయాణంలో మా విద్యార్థి ఒకడు మెల్లగా అడిగాడు: “సార్, తెలుగు సదస్సుకు వచ్చినవాళ్లకు తెలుగువాళ్లను చూపించలేదేం? మా పావగడ పక్కనే కదా.” ఆ అబ్బాయిది సరిహద్దు పల్లె. మా దగ్గర జవాబు లేదు. తెలుగు చూపుతామని పిలిచి, రాయిని చూపి పంపాము. పైగా ఆ రాయి మీది రాత కూడా తెలుగు కాదు. లేపాక్షి ఆలయ శాసనాలు ఎక్కువగా కన్నడంలో ఉన్నాయి. పెనుగొండలో అచ్యుతదేవరాయల కొలువులో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ పేరుతో ముడిపడిన ఆలయం అది. 16వ శతాబ్దిలో ఆ సీమలో దానశాసనం కన్నడంలో వేయడం ఎవరికీ వింత కాదు. ఈ మాట ఆనాడు మేము అతిథులకు చెప్పలేదు. గైడు చెప్పిన కథతో సరిపెట్టుకొన్నాము.

మరుసటి సదస్సుకు దారి మార్చాము. ముందు విందు సంగతి. ఆ రాత్రి సినిమా పాటల కార్యక్రమం మాని, తోలుబొమ్మలాట పెట్టించాము. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు పేరుపొందిన గ్రామం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. మేక తోలును పలుచగా చేసి, రంగులు వేసి, వెనుక దీపం పెట్టి తెర మీద రామాయణం ఆడిస్తారు. పద్యం తెలుగు, మాట తెలుగు. కానీ మన నేలలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు చాలావరకు మహారాష్ట్రం నుంచి వలస వచ్చినవి. వారి ఇంటిమాట మరాఠీ యాస. ప్రదర్శన ముగిశాక ఈ సంగతి చెప్పినప్పుడు అతిథులు నమ్మలేదు. ఇంట్లో ఒక భాష, తెర ముందు మరొక భాష, రెండింటిలోను లోపం లేకుండా తరతరాలుగా బతుకుతున్నవారిని చూశాక, ద్విభాషిత గురించి పగలు చదివిన పత్రాలు వారికి మరింత బాగా తలకెక్కాయి.

మరునాడు పొద్దున్నే ఉప్మా, కాఫీ ముగించి బయలుదేరాము. లేపాక్షిని వదలలేదు, అక్కడ శాసనాలు చదివించాము. తరువాత మడకశిర మీదుగా హేమావతి. ఈ ఊరి పాత పేరు హెంజేరు. 9, 10 శతాబ్దాలలో నొలంబవాడిని ఏలిన నొలంబుల రాజధాని ఇది. దొడ్డేశ్వరాలయపు నల్లరాతి స్తంభాల నునుపు చూసి తీరవలసినది. ఇక్కడి శిల్పాలు కొన్ని మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. ఊరు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది, నొలంబుల శాసనాలు మాత్రం ప్రధానంగా కన్నడం.

హేమావతి దాటి కర్ణాటకలోకి ప్రవేశిస్తే పావగడ తాలూకాలో నిడుగల్లు దుర్గం. 12, 13 శతాబ్దాలలో ఇక్కడి నుంచి ఏలినవారిని నిడుగల్లు చోళులంటారు. వీరు తెలుగు చోళ శాఖలలో ఒకరని చరిత్రకారులు లెక్కించారు. వీరు తమది కరికాల చోళుని వంశమని చెప్పుకొన్నారు; తమిళనాట ఉన్న ఒరైయూరుకు అధీశ్వరులమనే బిరుదు ధరించారు; శాసనాలు కన్నడంలో వేయించారు. హెంజేరు కూడా వీరి ఏలుబడిలోనిదే. ఒక్క వంశంలో ఇన్ని భాషల జాడలుంటే, వారిని ఏ రాష్ట్రపు పాఠ్యపుస్తకంలో చేర్చాలి? ఈ ప్రశ్న అతిథులే అడిగారు.

ఈ చిక్కు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే సరిహద్దు పుట్టుక తెలియాలి. చాలామంది విద్యార్థులు ఈ గీతను 1956 నాటి భాషారాష్ట్రాల విభజన గీసిందని అనుకొంటారు. నిజానికి ఇక్కడి గీత అంతకు 150 ఏళ్లు పైబడినది. 1799లో శ్రీరంగపట్టణం పతనమై టిప్పు సుల్తాను మరణించాక అతని రాజ్యాన్ని కంపెనీవారు, నిజాం పంచుకొని, మిగిలిన భాగంతో మైసూరులో ఒడెయార్ల గద్దెను నిలబెట్టారు. 1800లో నిజాం తన వాటాకు వచ్చిన జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాల మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. ఆ విధంగా హిందూపురం, మడకశిర ప్రాంతాలు మద్రాసు రాజధాని కిందికి, పావగడ మైసూరు కిందికి వెళ్లాయి. ఏ పల్లెలో ఏ భాష మాట్లాడుతారని ఆనాడు ఎవరూ విచారించలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు దత్తమండలాలకు ‘రాయలసీమ’ అన్న పేరు సూచించినపుడు, ఆ పేరు మడకశిర దాకా వచ్చి ఆగింది. గీతకు అవతల ఉన్న పావగడ తెలుగువారు అదే మాట, అదే పంట, అదే కరువు పంచుకొంటున్నా ఆ పేరులోకి రాలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, విశాల మైసూరు ఏర్పడినపుడూ ఇక్కడి పాతగీత మీదే కొత్త సిరా పోశారు.

పుస్తకాలకు కూడా ఈ గీత అడ్డుపడింది. మైసూరు ఉద్యోగి బి. ఎల్. రైస్ పావగడ తాలూకా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా 12వ సంపుటంలో 1904లో ప్రకటించాడు. మద్రాసు రాజధానిలోని కన్నడ శాసనాలు దక్షిణ భారత శాసనాల 9వ సంపుటం మొదటి భాగంగా 1939లో వెలువడ్డాయి. నిడుగల్లును, దాని చుట్టుపక్కల సీమను కలిపి చదవదలచిన విద్యార్థి ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టుకోవాలి. బస్సు చేసిన పని కూడా అదే. సరిహద్దుకు అటూ ఇటూ తిరిగి, పుస్తకాలు విడదీసినదాన్ని ఒక రోజులో కలిపింది.

మధ్యాహ్నం పావగడ చేరాము. శనీశ్వరుని గుడికి రెండు రాష్ట్రాల జనమూ వస్తారు. ఆవరణలో ఏ భాషలో పలకరించినా జవాబు వస్తుంది. కొండకోట కిందే సంగటి, పప్పుతో భోజనం ముగించి, ఊరి పేరు మీద చర్చ పెట్టాము. ఈ పేరుకు ‘పాము కొండ’ అని అర్థం చెప్పడం పాతకాలం నుంచి ఉన్నది. పామును పాత కన్నడంలో ‘పావు’ అంటారు. నేటి కన్నడంలో ‘హావు’. పాలు ‘హాలు’, పులి ‘హులి’ అయినట్లే పదాది పకారం కన్నడంలో హకారమైంది. మనుషుల నోట మారిన శబ్దం ఊరి పేరులో మారకుండా నిలిచింది. కోట గోడకంటె ఈ పకారం పాతదని చెప్పినపుడు అతిథులు బోర్డు వైపు మళ్లీ చూశారు.

చివరి మజిలీ రాయచెర్లు. బస్సు దిగగానే ఒక అవ్వ “యా ఊరు సార్ మీది?” అని పలకరించింది. పక్కన ఆమె మనుమడు, కన్నడం బడిలో చదువుతున్న పిల్లవాడు. బోర్డు చదవమంటే కన్నడ లిపిలో ఉన్న పేరును తడబడకుండా చదివాడు. అర్థమేమని అడిగితే నవ్వి ఊరుకొన్నాడు. అవ్వ అందుకొన్నది: “చెర్లు అంటే చెరువులే కదప్పా!” ఆమెకు అక్షరం రాదు. మేము భాషాశాస్త్రంలో ఏళ్ల తరబడి బోధించే సూత్రం ఆ మాటలో ఉన్నది. ఇ, ఎ వంటి తాలవ్య స్వరాల ముందు పదాది కకారం తెలుగులో చకారమైంది. కన్నడం ‘కివి’, తెలుగు ‘చెవి’. కన్నడం ‘కెడు’, తెలుగు ‘చెడు’. కన్నడం ‘కెరె’, తెలుగు ‘చెరువు’. చెరువులు అన్న బహువచనం వాడుకలో కుదించుకొనిపోయి ‘చెర్లు’ అయింది. మాచెర్ల వంటి పేర్లలో కనిపించే ‘చెర్ల’ దీని తోబుట్టువు. పొరుగున క్యాతగానచెర్లు అన్న ఊరు కూడా ఉన్నది. కన్నడ రాష్ట్రంలో, కన్నడ లిపిలో, ప్రభుత్వ బోర్డు మీద ఒక తెలుగు ధ్వనిసూత్రం నిలబడి ఉన్నది. మన అతిథులలో ఒకరు ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకొన్నారు. లేపాక్షి నంది దగ్గర కూడా ఆయన అంత ఉత్సాహం చూపలేదు.

వెలుపలి విద్యార్థులకు ఇక్కడ ఒక మాట. తెలుగు, కన్నడ లిపులు కొన్ని శతాబ్దాల పాటు ఒకటిగా నడిచి తరువాత వేరుపడినవి. కాబట్టి తెలుగు చదవడం వచ్చినవారు కొద్దిపాటి శ్రమతో ఆ బోర్డు చదవగలరు. భయపడి బస్సులో కూర్చోవలసిన పని లేదు.

ఇప్పుడు ఈ ఊరికి వేరే అతిథులు వస్తున్నారు. రాయచెర్లు, తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు గ్రామాల భూముల మీద పావగడ సౌరవిద్యుత్ పార్కు వెలసింది. సుమారు 13,000 ఎకరాల విస్తీర్ణం. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల స్థాపిత సామర్థ్యానికి చేరింది. ప్రభుత్వం భూమిని కొనలేదు. రైతుల దగ్గర దీర్ఘకాల కౌలుకు తీసుకొన్నది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై రెండేళ్లకొకసారి 5 శాతం పెరిగే ఏర్పాటు. వాన ముఖం చాటేసే సీమలో చెనిక్కాయ వేసి నష్టపోయిన రైతుకు ఇది నికరమైన రాబడి. భూమిలేని కూలీలకు మాత్రం చేని పని తగ్గింది. ఈ లాభనష్టాల లెక్క ఆర్థికశాస్త్రజ్ఞులది. మాకు కనిపించిన నష్టం ఇంకొకటి ఉన్నది.

పల్లెలో ప్రతి చేనుకూ పేరుంటుంది. గట్టుకు, వంకకు, బావికి, చింతచెట్టుకు కూడా పేరుంటుంది. అవి రెవెన్యూ కాగితాలలో ఉండవు. అక్కడ సర్వే నెంబర్లుంటాయి. దున్నేవాడి నోట, మేపేవాడి నోట మాత్రమే అవి బతుకుతాయి. కంచె పడి, గాజు పలకలు పరచిన తరువాత ఆ చేలలోకి నాగలి పోదు, మేక పోదు, అవసరం లేని పేరును ఎవరూ పలకరు. కౌలు గడువు పాతికేళ్ల పైమాటే. అప్పటికి ఆ పేర్లు తెలిసిన అవ్వ తరం ఉండదు. మనుమడికి సర్వే నెంబరే మిగులుతుంది. సౌరపార్కును చూడవచ్చిన ఇంజినీర్ల బృందాన్ని ఆ పలకల వరుస దగ్గరికి తీసుకొనిపోయి తిరిగి పంపుతారు. వారిని తప్పుపట్టలేము. మేమూ ఒకప్పుడు లేపాక్షి దాకా తీసుకొనిపోయి తిరిగి పంపినవాళ్లమే.

టొలేడోలో రాళ్లు మిగిలాయి, మాట్లాడేవారు మిగల్లేదు. రాయచెర్లులో చూపడానికి రాయి లేదు, మాట్లాడేవారున్నారు. మొదటి రకపు స్థలాన్ని కాపాడడానికి ప్రభుత్వాలున్నాయి, యునెస్కో ఉన్నది. రెండవ రకపు స్థలాన్ని కాపాడగలిగినది అక్కడికి వెళ్లి, కూర్చొని, అడిగి, రాసుకొనే మనిషి ఒక్కడే.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణానికి ముందు అతిథులు అవ్వ చుట్టూ కూర్చొని గంటసేపు చేల పేర్లు రాసుకొన్నారు. మా పాత విద్యార్థి వాటిని తెలుగు లిపిలోను, అవ్వ మనుమడు కన్నడ లిపిలోను రాశారు. రెండు కాగితాలూ మా శాఖలో భద్రంగా ఉన్నాయి. సదస్సు సంచికలో ఆ పేర్ల పట్టికను కూడా పత్రాలతో సమానంగా చేర్చాలని నిర్ణయించాము.

చెన్నైలో, బెంగుళూరులో, ముంబైలో, సముద్రాలకు అవతల తెలుగు చదువుతున్న విద్యార్థులారా, మీ ఊరిలో కూడా సదస్సులు జరుగుతాయి, అతిథులు వస్తారు, యాత్ర బాధ్యత ఎప్పుడూ చిన్నవాళ్ల మీదే పడుతుంది. దాన్ని తప్పించుకోకండి. గుడి, కోట, మ్యూజియం చూపండి. వాటి మీది రాత చదివి చూపండి. వాటితో పాటు మీ ఊరిలో తెలుగు ఇంకా వినిపించే ఒక వీధిలో, ఒక అంగడి ముందు, ఒక పేరు దగ్గర బస్సును ఆపండి. ఆ పేరు ముందుగా మీరు తెలుసుకొని ఉండాలి. దానికి ఈ సెలవులలోనే బయలుదేరితే మంచిది.